వేలు మడిచి

జూన్ 9

ఈ డైరీ ఆయన మస్కట్ నుంచి తెచ్చారు. కంపెనీ వాళ్ళు ఇచ్చిందట. ప్రతి పేజీలో ఒక మూల అరబ్బీ అంకె, శుక్రవారాలకీ శనివారాలకీ ఎర్ర సిరా. సగం సంవత్సరం ఖాళీగా పోయింది. మిగతా సగం నాకు చాలు. ఎవరితోనూ అనలేని మాటలు ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నా నోరు ఊరుకోదు. పేరుకే శాంతిని. మా అమ్మ ఏం చూసి పెట్టిందో ఆ పేరు.

ఇవాళ దొడ్లో దడి కట్టించాను. కొబ్బరికాయలు దింపే దానం వచ్చి, మట్టలు అల్లి, దొడ్డిని నిలువునా రెండు చేశాడు. అటు పెద్దిల్లు, నుయ్యి, అరటిచెట్లు, కరివేపాకు చెట్టు, ఆవిడ. ఇటు అద్దెవాళ్ళు ఖాళీ చేసిన రెండు గదుల వాటా, ఒక కుళాయి, వెనకాల ఆరడుగుల వెడల్పు నేల, నేను.

"అత్తాకోడళ్ళ మధ్య దడేంటండి, దూడలేమన్నా వచ్చేస్తన్నాయాండి?" అన్నాడు దానం.

"ఆయ్, దూడలే," అన్నాను.

అత్తయ్యగారు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆవిడ అనే రాస్తాను.

జూన్ 10

జరిగింది ఒక్కసారి రాసి వదిలేస్తాను. మళ్ళీ రాయను.

ఆయన రెండో తారీఖున విమానం ఎక్కారు. ఐదో తారీఖు పొద్దున్న సువార్తమ్మ వచ్చి చేపల గంప అరుగు మీద దించింది. నేను నూతి దగ్గర దుప్పట్లు ఉతుకుతున్నాను. మధ్యలో అరటిచెట్లు ఉన్నాయి కాబట్టి వాళ్ళకి నేను కనపడను. "అబ్బాయిగారు వచ్చి రెణ్ణెల్లు ఉండి వెళ్ళేరు గదండి, కోడలుగారికి ఏమన్నా విశేషమాండి?" అని అడిగింది సువార్తమ్మ. ఆవిడ చేప మొప్పలు ఎత్తి చూస్తూ, "ఏం విశేషం సువార్తమ్మా. పిందె నిలవని పాదు. ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం," అంది.

పెళ్ళయి ఆరేళ్ళు. రెండుసార్లు నెల తప్పాను, రెండుసార్లూ మూడో నెలలో పోయింది. ఆ రెండుసార్లూ ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నది ఆవిడే. నాకు జడ వేసింది ఆవిడే. బయటివాళ్ళు అనుంటే దులుపుకుని పోయేదాన్ని. నా పక్కన కూర్చున్న మనిషి అంది.

ఏడో తారీఖుకి నా పొయ్యి వేరైంది. ఇక మీదట నేను దడి దాటను. ఆవిడ దొడ్లోంచి కరివేపాకు రెబ్బ కూడా తీసుకోను. నా కూర నేను పండించుకుంటాను. ఏ పాదుకి పిందె నిలవదో చూస్తాను.

జూన్ 11

మృగశిర వచ్చి మూడు రోజులైంది. మాది ఒండ్రు నేల, నాలుగు పలుగు పోట్లకే అడుగున తడి తగులుతుంది. వాన పడితే నీళ్ళు కదలవు. అందుకని గొయ్యి తీసి, అడుగున కొబ్బరి డొక్కలు పరిచి, మీద మట్టీ పేడా కలిపి మోకాలెత్తు దిబ్బ వేశాను. దాని మీద ఆనపపాదు. గోడ వారన బెండ, పచ్చిమిర్చి. మిగిలిన జానెడులో తోటకూర చల్లాను.

ఆనప గింజల కోసం రాజోలు వెళ్దామనుకున్నాను. చీర కూడా మార్చుకున్నాను. అప్పుడు వంటగది బయటి గోడ మీద పేడ ముద్దలు కనపడ్డాయి. నిరుడు ఆవిడే గింజలు పేడలో పొదిగి గోడకి కొట్టింది, పురుగు పట్టకుండా. కానీ గోడ నా వాటాలో ఉంది. గోడ నాదైతే గోడ మీది పేడ నాది, పేడ నాదైతే గింజ నాది. ఇది దొడ్లోంచి తెచ్చుకోవడం కిందికి రాదు. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అంటారు మా ఆయన. అననీ.

నాలుగు గింజలు పెట్టాను.

జూన్ 12

చేతులు బొబ్బలెక్కాయి. ఫోన్లో ఆయనకి చెప్పలేదు.

జూన్ 15

ఇవాళ ఆయన మధ్యవర్తిత్వం మొదలుపెట్టారు.

"అమ్మ నిన్ను అని ఉండదే. దొడ్లో ఏదో పాదు గురించి అని ఉంటుంది. నువ్వు అడ్డంగా విన్నావు."

"ఐదో తారీఖున మన దొడ్లో ఏ పాదు ఉందండి?" అన్నాను.

"బీరపాదు ఉండాలి గదా."

"బీరపాదు ఎండకి మాడిపోతే మే నెలలో మీరే పీకి అవతల పడేశారు."

ఆయన దగ్గారు. తర్వాత మస్కట్‌లో ఎండ ఎంత ఉందో చెప్పడం మొదలుపెట్టారు. మా దుర్గేష్‌గారికి అబద్ధం ఆడడం చేతకాదు. దానికే కదా నేను చేసుకున్నది.

జూన్ 18

నాలుగింటిలో రెండు మొలిచాయి.

జూన్ 22

లెక్క వేయను అనుకున్నాను. వేశాను. నిన్న రాజోలు వెళ్ళి, మనకి తెలిసిన మందుల షాపు కాకుండా బస్టాండు అవతల షాపులో కొన్నాను. పొద్దున్నే చూసుకున్నాను.

రెండు గీతలు.

ఎవరికీ చెప్పను. ఆయనకి కూడా చెప్పను. పోయినసారి ఆయన మస్కట్‌లో రూములో అందరికీ స్వీట్లు పంచారు. పదిహేను రోజులకి నేను ఫోన్ చేసి ఇంకోటి చెప్పాల్సి వచ్చింది. మూడు నెలలు నిండేదాకా ఈ డైరీకి తప్ప ఎవరికీ తెలియదు.

జూన్ 23

స్టెల్లాకి తప్పదు. వెనక వీధిలో ఉంటుంది, ఆశా కార్యకర్త, మా వీధి గర్భిణీ స్త్రీలందరి పేర్లూ తన పుస్తకంలోనే ఉంటాయి. తనే రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, బరువులు ఎత్తొద్దంది.

"మా అత్తగారికి చెప్పకండి," అన్నాను తిరిగొస్తుంటే ఆటోలో.

"ఆయ్, చెప్పనండి. ప్రభువు తోడు. కానండి శాంతిగారూ, పెద్దావిడ భూలక్ష్మిగారు పక్కనే ఉన్నారు గదండి, ఒక మాట..."

"స్టెల్లాగారూ."

"చెప్పనండి, చెప్పను."

ఇంటికి వచ్చి బకెట్టు పక్కన పెట్టేశాను. చెంబుతో పోస్తాను మొక్కలకి. ఐదు బకెట్ల పని యాభై చెంబులవుతుంది. అవనీ, నాకు వేరే పనేముంది.

జూలై 2

ఆషాఢం కదా, అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు, మీకు బాగా కుదిరింది అని మా అమ్మ ఫోన్లో నవ్వింది. అది కొత్త కోడళ్ళకి అన్నాను. మాకు పాతబడ్డాక వచ్చింది ఆషాఢం.

ఆనప ఆకుల మీద ఎర్ర పెంకు పురుగులు. ఆకుని జల్లెడ చేసి వదులుతున్నాయి. బూడిద చల్లాలి. నాది గ్యాసు పొయ్యి, బూడిద ఎక్కడిది? పొద్దున్న లేచేసరికి దడి కర్రకి మూత లేని డబ్బా ఒకటి వేలాడుతోంది, నిండా బూడిద. ఆవిడ కట్టెల పొయ్యిదే. చూశాను. ముట్టుకోలేదు. పుల్లమజ్జిగ నీళ్ళు చల్లుకున్నాను.

మధ్యాహ్నం వాన వచ్చింది. డబ్బాలో బూడిదంతా ముద్దయిపోయింది. తీసి ఉంటే బాగుండేది. రాశాను కానీ తీసేదాన్ని కాదు.

జూలై 8

దానం సరుగుడు కర్రలు పాతి పందిరి వేశాడు. తీగ ఒక్క రాత్రిలో అందుకుంది. తోటకూర మొదటి కోత ఇవాళే. పప్పులో వేసుకుని కూర్చుని తిన్నాను, నా నేల, నా కూర. రెండు ముద్దలకే వెళ్ళి కక్కుకున్నాను. మళ్ళీ వచ్చి మిగతాది తిన్నాను.

జూలై 13

పొద్దున్న మరక కనపడింది.

చిన్నదే. ఎర్రగా లేదు. స్టెల్లాకి ఫోన్ చేశాను. ఆటో తెచ్చింది. స్కాన్ చేసే అమ్మాయి తెర నా వైపు తిప్పింది. చిక్కుడుగింజంత, మధ్యలో ఏదో గబగబా కొట్టుకుంటోంది. ఉంది. ఉందని అంది.

నాలుగు రోజులు మంచం దిగొద్దన్నారు. దిగను. మొక్కలు వాటి చావు అవి చస్తాయి. దేవుడా, నిన్ను ఎప్పుడూ పెద్దగా విసిగించలేదు. ఇప్పుడు విసిగిస్తాను.

జూలై 17

లేచాను. మరక మళ్ళీ లేదు.

దొడ్లోకి వెళ్తే తోటకూర మడిలో కలుపు తీసి ఉంది. బెండ మొదళ్ళకి మట్టి ఎగదోసి ఉంది. స్టెల్లా ఎంత మంచిదో. నాకు మాత్రలు ఇచ్చి, వంట చేసి పెట్టి, కలుపు కూడా తీసింది. అడిగితే ఏదో అనబోయి ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో.

జూలై 20

ఆనప పూసింది. సాయంత్రం పూట తెల్లగా విచ్చుకుంటున్నాయి. రెండింటికి అడుగున చిటికెన వేలంత పిందె ఉంది, నూగుతో.

పెళ్ళయిన కొత్తలో పెద్దిల్లు దొడ్లో బీర పిందె చూసి, "అదిగో అక్కడ ఒకటి," అని వేలెత్తి చూపించాను. ఆవిడ పరుగెత్తుకు వచ్చి నా వేలు పట్టుకుంది. "పిందెని వేలెత్తి చూపించకూడదమ్మా, కుళ్ళిపోద్ది. చూపించాలంటే ఇలా," అని నా వేలు సగానికి మడిచింది. "ఇలా మడిచి చూపించాలి." నాకు నవ్వు వచ్చింది. బైపీసీ చదివినదాన్ని. అయినా ఆ రోజు నుంచీ ఏ పిందెనీ తిన్నగా చూపించలేదు.

ఇవాళ కూడా ఒక్కదాన్నే ఉన్నా, వేలు మడిచే లెక్కపెట్టాను.

జూలై 23

రెండూ పసుపు రంగు తిరిగి రాలిపోయాయి. ముట్టుకోకుండానే రాలాయి. దిబ్బ మీద పడి ఉన్నాయి.

ఒక తప్పు పని చేశాను, రాస్తాను. ఈ పాదుకి ఒక్క కాయ నిలిస్తే ఇది కూడా నిలుస్తుంది అని మనసులో అనుకున్నాను. ఎప్పుడు అనుకున్నానో తెలియదు. గింజ పెట్టిన రోజు మాత్రం కాదు, అప్పటికి ఇంకా తెలియదు. ఎప్పుడో అనేసుకున్నాను. ఇప్పుడు రాలిన పిందెలు చూస్తూ దిబ్బ దగ్గరే కూర్చుండిపోయాను. ఆనపకాయకీ నా కడుపుకీ ఏం సంబంధం? ఏ సంబంధమూ లేదు. ఇంకో ఐదు పిందెలున్నాయి, వాటి పువ్వులు ఇంకా విచ్చుకోలేదు.

జూలై 25

చూశాను. నా కళ్ళతో చూశాను.

పొద్దుగూకే వేళ వంటగది తలుపు దగ్గర ఉన్నాను. లైటు వేయలేదు. దడి అవతల చీర కదిలింది. ఆవిడ చెయ్యి దడి మీద నుంచి ఇటు వచ్చింది. దడి మీదికి పాకిన కొమ్మకి ఇవాళే విచ్చుకున్న పువ్వు, అడుగున పిందె. దాని వైపు వేలు పెట్టింది. మడవలేదు. తిన్నగా, దాదాపు ముట్టుకునేంత దగ్గరగా పెట్టి, ఒక నిమిషం అలాగే ఉంచింది.

నాకు నేర్పిన మనిషి. వేలు మడవాలని నాకు చెప్పిన మనిషి.

అరిచేద్దామనుకున్నాను. డాక్టరమ్మ కోపం తెచ్చుకోవద్దంది. తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. నోటితో అన్నది చాలక వేలితో కూడా మొదలుపెట్టిందా? ఆవిడకి నా సంగతి తెలిసిపోయిందా? తెలిసే ఇలా చేస్తోందా?

నేను ఓడిపోను. రాసి పెట్టుకుంటున్నాను, ఓడిపోను.

జూలై 26

ఆయన పాత బనీను చింపి, మిగతా పిందెలకి నాలుగింటికీ ముసుగులు కట్టాను. పువ్వుతో సహా, గాలి తప్ప ఏమీ చొరకుండా. కుర్చీ వేసుకుని, పట్టుకుని, మెల్లగా ఎక్కి మెల్లగా దిగాను. ఇప్పుడు చూపించమను వేలు.

ఆవిడ వేలు పడిన పిందెకి మాత్రం కట్టలేదు. అది ఎలాగూ పోతుంది. దానికి గుడ్డ దండగ.

జూలై 31

ముసుగు వేసినవి నాలుగూ రాలిపోయాయి. గుడ్డలు విప్పితే లోపల మెత్తగా ఉన్నాయి.

దడి మీది పిందె నిలిచింది. జానెడు అయింది. నిగనిగలాడుతోంది. ఎలా నిలిచిందో నాకు తెలియదు. మొండిది అయుంటుంది. నాలాగే.

ఆగస్టు 1

ఆవిడకి కంట్లో శుక్లం. ఆపరేషన్‌కి అమలాపురం వెళ్ళింది. ఆడపడుచు నాగదుర్గ వచ్చి తీసుకెళ్ళింది. పదిహేను రోజులు అక్కడే ఉంటుందట.

ఆటో ఎక్కేముందు ఆవిడ గేటు దగ్గర నిలబడింది. నా వాటా వైపు తిరిగి, ఎవరితోనూ కాకుండా, "వెళ్ళొస్తాను," అంది. నేను కిటికీ పక్కనే ఉన్నాను. ప్రయాణం వెళ్ళేవాళ్ళకి వెళ్ళిరండి అనకపోవడం తప్పు. అందులో కంటి ఆపరేషన్. నోటి దాకా వచ్చింది. రానివ్వలేదు.

ఆటో వెళ్ళిపోయాక, "వెళ్ళిరండి," అన్నాను. ఎవరు విన్నారు.

సరే. ఇప్పుడు వేలు లేదు. ముసుగులూ అక్కర్లేదు. కొత్త పిందెలు ఐదు వచ్చాయి. ఇక నిలవకపోతే చూద్దాం.

ఆగస్టు 4

మూడు రాలాయి.

ఆగస్టు 6

మిగతా రెండూ రాలాయి. వేలు అమలాపురంలో ఉంది. పిందెలు ఇక్కడ రాలుతున్నాయి. దడి మీది కాయ ఒక్కటే మూరెడయింది, ఊగుతోంది.

రోజూ పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకుంటున్నాను. మూడో నెల ఇదే. పోయిన రెండుసార్లూ ఇదే వారం అటూ ఇటూ. సంబంధం లేదు, సంబంధం లేదు అని చెప్పుకుంటున్నాను. ఎన్నిసార్లు చెప్పుకుంటే అంత భయంగా ఉంది.

ఆగస్టు 7

స్టెల్లా ఐరన్ మాత్రలు తెచ్చి, కుర్చీలో కూర్చుని, పందిరి చూసింది. నేలమీది పిందెలు చూసింది.

"అయ్యో, భూలక్ష్మిగారు లేరు గదండి. మరి పువ్వులెవరు ముట్టిస్తన్నారండి?"

"ముట్టించడమేంటి?"

"అదేనండి. మగపువ్వు తుంపి, రేకలు తీసేసి, పిందె ఉన్న పువ్వుకి ముట్టించాలి గదండి. వానాకాలం పురుగూ పుట్రా సరిగ్గా తిరగవు, పుప్పొడి తడిసిపోద్ది. మనమే చెయ్యాలి. భూలక్ష్మిగారు రోజూ పొద్దుగూకేక దడి మీంచి ముట్టిద్దామని చూసేవారండి. చెయ్యి అందేది కాదు పాపం, ఆ దడి మీది కొమ్మ ఒక్కటే అందేది."

నేలమీది పిందె ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"మొన్న మీరు ముసుగులేసేసినప్పుడైతే చాలా బాధపడ్డారండి. 'పిల్ల పువ్వులకి గుడ్డలు కట్టేసింది స్టెల్లా, పువ్వుకి పువ్వు అందదిప్పుడు, ఎలాగే' అన్నారండి. నన్ను చెప్పమన్నారు. మళ్ళీ వద్దులే, నా పేరు చెప్తే విప్పదు అన్నారు."

"మరి ఆ కలుపు?"

"నేను తియ్యలేదండి. ఆవిడ మీరు పడుకున్నప్పుడు వచ్చి తీసి వెళ్ళేరు. ఎవరు తీసేరంటే నేనే అని చెప్పమన్నారండి. నాకు అబద్ధం నోట రాలేదు, ఊరుకున్నాను."

"మీరు చెప్పేశారా ఆవిడకి? నా సంగతి?"

"ప్రభువు తోడండి, నేను చెప్పలేదు. ఆవిడా అడగలేదు."

స్టెల్లా వెళ్ళాక దిబ్బ పక్కన కూర్చున్నాను. ఇంటర్ బైపీసీ, బోటనీలో పరాగ సంపర్కం, ఎనిమిది మార్కుల ప్రశ్న, బొమ్మ గీసి భాగాలు గుర్తించాను. ఎనిమిదికి ఎనిమిది వేశారు. ఆ చదువుకున్న నేను పువ్వులకి బనీను గుడ్డలు కట్టి, లోపల నాలుగు పిందెల్ని చంపాను. చదువుకోని ఆవిడ చెయ్యి చాచి ఒక్కదాన్ని బతికించింది. నేను దూరం నుంచి చూసింది వేలే. ఆ వేళ్ళ చివర పువ్వు ఉందని చీకట్లో కనపడలేదు. కనపడినా నమ్మేదాన్ని కాదేమో.

బాగా ఏడ్చాను. కోపంతోనో సిగ్గుతోనో నాకే తెలియదు. ఆవిడ ఆ మాట అననే లేదని కాదు. అంది. అన్న మనిషే ఇది కూడా చేసింది. రెండూ నిజమైతే ఎవరి మీద అరవాలో తెలియడం లేదు.

ఆగస్టు 8

సాయంత్రం మగపువ్వు తుంపి, రేకలు తీసి, విచ్చుకున్న పిందెపువ్వు లోపల మెల్లగా రాశాను. మూడు పువ్వులకి రాశాను.

వేలు మడవడం కుదరదు ఈ పనికి. తిన్నగానే పెట్టాలి.

ఆగస్టు 9

వాన. పందిరి మీద పాత గొడుగు కట్టాను. ఊళ్ళో ఎవరైనా చూస్తే శాంతికి మతి పోయిందంటారు.

దడి మీది కాయ కోతకి వచ్చింది. కోయలేదు.

ఆగస్టు 11

మూడూ నిలిచాయి. నూగు పోలేదు, రంగు తిరగలేదు, మెడ గట్టిపడింది.

అమలాపురం ఫోన్ చేద్దామని నాగదుర్గ నంబరు తీశాను. చేయలేదు. ఫోన్లో చెప్పే మాట కాదు.

ఆగస్టు 12

స్కాన్. చేతులూ కాళ్ళూ ఉన్నాయి. కాలు తన్నింది కూడా, తెరలో చూశాను. డాక్టరమ్మ అంతా బాగుందంది. పోయినసారి ఇన్ని వారాలకల్లా నేను ఖాళీగా ఇంటికి వచ్చాను. ఈసారి అరటిపళ్ళు కొనుక్కుని వచ్చాను.

ఆగస్టు 14

ఆయనకి చెప్పాను. "ఈసారి స్వీట్లు పంచకండి," అన్నాను ముందే. అటునుంచి ముక్కు చీదిన శబ్దం వచ్చింది. "అమ్మకి చెప్పావా?" అన్నారు.

"చెప్తాను. మీరు చెప్పకండి. నేనే చెప్పాలి."

దడి మీది కాయ ముదిరిపోతోంది. స్టెల్లా కోసేయమంది. విత్తనానికి వదిలానన్నాను.

ఆగస్టు 17

నాగదుర్గ పొద్దున్న అత్తయ్యని దించి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది.

దడిలో రెండు మట్టలు పక్కకి లాగాను. మనిషి పట్టే సందు అయింది. దడి దాటను అని జూన్‌లో రాశాను ఈ డైరీలో. దాటాను. అత్తయ్య నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వెనక అరుగు మీద కూర్చున్నారు. నన్ను చూసి లేవబోయారు.

"కూర్చోండి. కన్ను ఎలా ఉందండి?"

"బాగానే కనపడతందమ్మా. ఇన్నాళ్ళూ తెల్లచీరలన్నీ పచ్చగా కనపడేవంట నాకు. నిన్న నాగదుర్గ చెప్తే తెలిసింది." నా పందిరి వైపు తల తిప్పి, "పిందెలేమన్నా నిలిచేయా?" అన్నారు.

"మీరు ముట్టించింది ఒకటి. నేను ముట్టించినవి మూడు."

అత్తయ్య తల దించుకున్నారు. "స్టెల్లా చెప్పేసిందా."

"ఆయ్."

నేను ఊరుకోలేను కదా. అడిగేశాను. "ఆ రోజు సువార్తమ్మతో అన్నారు. నన్నేనా అండి?"

"అబ్బాయి ఫోన్ చేసేడు. పాదు గురించి అన్నానని చెప్పమన్నాడు. అప్పుడు దొడ్లో పాదెక్కడిది?" అత్తయ్య చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అన్నారు. "నిన్నేనమ్మా అన్నది. ఎందుకన్నానో తెలీదు. ఆ మూడ్రోజులూ అబ్బాయి వెళ్ళిపోయేడన్న దిగులు, ఊళ్ళో ప్రతివాళ్ళూ అదే అడగడం. విసుగులో అనేశాను. అన్నాక చూస్తే నూతి దగ్గర బట్టల చప్పుడు ఆగిపోయింది. నువ్వు విన్నావని అప్పుడే తెలిసింది. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. నీ మొహం ఎలా చూడనమ్మా? పువ్వుల దగ్గరికైతే రాగలను, వాటికి తెలీదు గదా."

పాదునే అన్నానని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. నిన్నే అన్నానంటే ఏం చేయాలో తోచలేదు. కోపం పోయిందని రాయను, అబద్ధమవుతుంది. ఆ మాట గుర్తొస్తే ఇంకా మండుతుంది. ఇంకొన్నాళ్ళు మండుతుంది. మళ్ళీ ఎవరితోనూ నా గురించి అలా అనొద్దని చెప్పాను. గట్టిగానే చెప్పాను.

"అననమ్మా," అన్నారు.

"రండి, చూద్దురు గాని," అని చెయ్యి పట్టుకున్నాను. ఎండ తగలకుండా నా కొంగు తల మీద కప్పి, దడి సందులోంచి ఇటు తీసుకొచ్చాను. అత్తయ్య పందిరి కిందకి వచ్చి, నల్లకళ్ళద్దాలు తీసేశారు. తీయకూడదు. అన్నాను, వినలేదు. దడి మీది కాయని తట్టి చూశారు.

"ముదిరిపోయిందే. కోసుకోలేదేంటి?"

"మీరు రాకుండా ఎలా కోస్తాను? విత్తనానికి ఉంచుదాం. మీ గోడ మీదికి."

"నీ గోడ," అన్నారు అత్తయ్య. గింజల సంగతి కూడా తెలుసన్నమాట. నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను.

నా మూడు పిందెలూ ఒక్కొక్కటే చూశారు. వేలు మడిచి లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు. లెక్క అక్కడ అయిపోవాలి. అత్తయ్య ఇటు తిరిగారు. కొత్తగా చూపు వచ్చిన కన్ను, ఇంకా ఎర్రగా ఉంది, నీళ్ళు కారుతోంది. చెయ్యి నా పొట్ట వైపు వచ్చింది. చూపుడువేలు సగం దాకా చాచి, ఆగి, మడిచారు.

వేలు మడిచి, "ఇది ఎన్నో నెలమ్మా?" అన్నారు.

"నాలుగో నెల పడిందండి, అత్తయ్యా," అన్నాను.